గుర్రపుశాల వెనక ఫర్ మొక్క

మార్చి నెలలో ఒక గురువారం, గొర్రెల కాపరి ఇంటికి ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఉందనగా, కంచె పక్కన ఎవరో నడుస్తూ కనబడ్డారు. ఆ దారిన ఎవరూ నడవరు. గుర్రం మీద పోతారు, లేదంటే నెలకోసారి సరుకులు తెచ్చే నా లారీ కోసం కూర్చుంటారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఎవారిస్తో కార్కమో పెళ్లాం ఎర్మిండా. కాళ్లకు ఇంట్లో తొడుక్కునే గుడ్డ చెప్పులు. వాటిలో ఒకటి అప్పటికే ఎక్కడో ఊడిపోయింది.

లారీ ఆపి తలుపు తీశాను. గాలి తలుపును చేతిలోంచి లాక్కుపోయినంత పనైంది.

"ఎక్కడికి ఎర్మిండా?"

"చెట్లున్న చోటికి, దోన్ దింకో." మా వైపు వయసులో పెద్దవాణ్ని దోన్ అని పిలుస్తారు.

"దక్షిణాన అడవి ఉందిగానీ ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లు. ఆ చెప్పులతోనా?"

"ఒక్కటే ఉంది" అంది. నవ్వుతుందేమోనని మొహం చూశాను. నవ్వలేదు.

చెయ్యి పట్టుకుంటే మారుమాట లేకుండా లారీ ఎక్కింది. ఇల్లు చేరేదాకా ముందు అద్దంలోంచి గడ్డివైపే చూస్తూ కూర్చుంది. మా తియెర్రా దెల్ ఫ్యూగో దీవికి ఉత్తరపు సగమంతా గడ్డే. మోకాలెత్తు మించి మొలిచిన ప్రతిదాన్నీ గాలి కోసేస్తుంది. నేను ఇక్కడే పుట్టాను కాబట్టి నాకది లోటుగా అనిపించదు. ఎర్మిండా ఉత్తరాన చిలోయే దీవి పిల్ల. అక్కడ ఏడాది పొడుగునా వాన, వాకిలి దాటితే అడవి. పెళ్లి చేసుకుని ఎవారిస్తో ఆమెను తీసుకొచ్చి పదహారు నెలలైంది. నాలుగు వేల గొర్రెలకు అతనొక్కడే కాపరి. పొద్దున గుర్రమెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే దిగడం. ఇంటికి రెండు గదులు, రేకుల గోడలు. పొరుగిల్లు అంటే నలభై కిలోమీటర్ల అవతల.

సాయంత్రం ఎవారిస్తో వచ్చేసరికి నేను సరుకులు దించేసి, ఆమె పాదానికి గుడ్డ చుట్టి, మతే ఆకు టీ కాచుకుని తాగుతున్నాను. ఆ పాదం చూశాడు. ఏమైందని కూడా అడగలేదు. కాసేపటికి నా వెంట లారీ దగ్గరికి వచ్చి చక్రాన్ని బూటుతో తన్నుతూ నిలబడ్డాడు.

"దోన్ దింకో, నాకొక చెట్టు తెచ్చిపెట్టు."

"ఏం చెట్టు?"

"బతికేది. ఏడాదంతా పచ్చగా ఉండేది. వచ్చిన మొదటి రోజు అంది, ఇక్కడ ఒక్క చెట్టూ లేదేమని. నేను పట్టించుకోలేదు."

లారీ తలుపుకు నుదురు ఆనించాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, తుఫానులో గొర్రెల మందను ఒంటిచేత్తో మళ్లించినవాడు.

జలసంధి దాటి పుంతా అరేనాస్ పట్నం వెళ్లినప్పుడు ఓటిలియా మొక్కల తోటకి పోయాను. ఆ ఊళ్లో సగం పెరళ్లలో ఉన్న మొక్కలు ఆవిడ చేతివే. అరవై దాటిన జర్మనావిడ, మాట పెళుసు. వరసగా ఉన్న, సూదుల్లాంటి ఆకుల ఫర్ మొక్కల్లో ఒకటి చూపించాను. నడుమెత్తు, ఆకు వెండిపూత పూసినట్టు నీలంగా ఉంది. క్రిస్మస్ పండక్కి అలంకరించుకునే బొమ్మలా ఉంది.

"ఎక్కడ నాటతాడట?"

"ఇంటి ముందు. కిటికీలోంచి కనబడాలట."

"కిటికీ ఏ దిక్కు?"

"పడమర."

ఓటిలియా మట్టిచేతులు దులుపుకుంది. "పడమటి గాలికి ఎదురుగా ఫర్ మొక్క పెట్టేవాణ్ని దీన్ని ఇక్కడే నరికి పొయ్యిలో పెట్టుకోమను. నీకు మోత తప్పుతుంది."

"అంత చలికి చచ్చిపోతుందా?"

"చలి దీన్నేం చేస్తుంది? ఇది చచ్చేది దాహానికి. కింద నేల గడ్డకట్టి వేరుకు చుక్క అందదు, పైన గాలి ఆకులో ఉన్న నీళ్లన్నీ తాగేస్తుంటుంది. ఇంటికి తూర్పున, ఏదైనా పల్లంలో నాటమను. చుట్టూ దడి కట్టమను. రేకు గోడ మాత్రం పెట్టొద్దు, గాలి దాని మీదుగా దూకి నెత్తిన పడుతుంది. సగం కర్ర, సగం సందు ఉండాలి. గాలిని జల్లెడ పట్టాలన్నమాట, అర్థమైందా?"

అర్థమైంది. ఇవన్నీ ఎవారిస్తోకు చెప్పాననే నా గుర్తు. సందుల సంగతి నేను చెప్పనే లేదని అతనంటాడు. ఆ తగువు ఇప్పటికీ తీరలేదు.

ఏప్రిల్‌లో మొక్క కిటికీ ముందే నాటాడు. "కనబడకపోతే ఇంకెందుకు?" అన్నాడు. పడమటి వైపు ఆరు రేకులు నిలబెట్టి, గుంజలకు తీగతో బిగించి గోడ కట్టాడు. ఎర్మిండా కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది. మే నెలలో వెళ్లినప్పుడు జుట్టు దువ్వుకుని ఉంది. నాకు నూనెలో వేయించిన రొట్టె పెట్టింది. మొక్క గురించి అడిగితే, "రాత్రి గాలికి కుడివైపు మూడో కొమ్మ విరిగింది, మిగతా అంతా బాగుంది" అని చెప్పింది. నాకు సంతోషమేసింది.

జూన్‌లో, మా వైపు చలికాలం మొదలై, నేల గడ్డకట్టింది. ఎవారిస్తో రోజూ తెల్లారకముందే లేచి కెటిల్‌లో నీళ్లు వేడిచేసి పాదులో పోసేవాడట. సాయంత్రానికి అది మంచుపెంకై ఉండేది. గొర్రెతోళ్లు తెచ్చి మొదలుకు చుట్టాడు. తను కప్పుకునే కంబళి కూడా కప్పాడు. తెల్లారేసరికి గాలి దాన్ని కంచెకు తగిలించింది.

జూలైలో ఎర్మిండాకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. పోర్వెనీర్ ఊళ్లో ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. ఎనిమిది గంటల ప్రయాణం, దారంతా మంచు. దగ్గుతూనే ఉంది.

ఆగస్టు మొదటి వారంలో సరుకులు పట్టుకెళితే ఎవారిస్తో మొక్క దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. మొక్క తుప్పుపట్టిన ఇనుములా ఉంది. ముట్టుకుంటే ఆకు జలజల రాలింది. అతను వేలిగోరుతో బెరడు గీకుతున్నాడు.

"ఇక్కడ పచ్చగా ఉంది చూడు."

చూశాను. గోధుమరంగే ఉంది.

"కాస్త కిందికి చూడు."

"ఎవారిస్తో, లే. చచ్చిపోయింది."

అతను మొదలుదాకా గీకి, అక్కడ కూడా పచ్చ కనబడక, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని ఉండిపోయాడు. గోళ్ల సందుల్లో రక్తం.

"ఇంకోటి తీసుకురా" అన్నాడు. "ఇదే ఎత్తు, ఇదే రంగు. ఆమె వచ్చేలోపు నాటేస్తాను. ఆమెకు తెలియకూడదు."

"తెలియకుండా ఎట్లా ఉంటుందిరా? దాన్ని చూడటం తప్ప ఆమెకిక్కడ ఇంకో పనేముంది?"

"వచ్చి ఇది చూసిందంటే ఈసారి చెప్పులు కూడా వేసుకోదు, దోన్ దింకో."

ఓటిలియా దగ్గర తిట్లు తిని, ఎత్తు కర్రతో కొలిచి మరీ రెండో మొక్క తెచ్చాను. సెప్టెంబరు మొదట్లో ఇద్దరం కలిసి నాటాం. నేల పైపైనే కరిగింది, కిందిదంతా గడ్డపారతో పగలగొట్టాల్సి వచ్చింది. పాత మొక్కను పొయ్యిలో పెట్టాం. ఆఖర్న ఎవారిస్తో కత్తి నా చేతికిచ్చాడు.

"కుడివైపు మూడో కొమ్మ. నా వల్ల కాదు, నువ్వు కొయ్యి."

పచ్చని కొమ్మను, బతికున్నదాన్ని, నేనే కోశాను. విరిగినట్టు కనబడాలని చివరన పీచు కూడా లాగాను. దొంగనోట్లు అచ్చువేసేవాడు ఎంత శ్రద్ధగా పని చేస్తాడో ఆరోజు తెలిసింది.

రెండు వారాలకు ఎర్మిండాను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాను. సగానికి సగం చిక్కిపోయింది. లారీ దిగి మొక్క ముందు నిలబడి కాసేపు చూసింది. ఎవారిస్తో టోపీ చేతిలో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నేను సరుకుల సంచులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

"కొమ్మ సరిగ్గానే కోశారు" అంది ఎర్మిండా.

ఎవారిస్తో చేతిలోని టోపీ తలకు పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"పాతది జూన్‌లోనే పోయింది" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు గుర్రమెక్కి వెళ్లాక కింద రాలిన ఆకంతా ఏరి పొయ్యిలో వేసేదాన్ని. ఎండిన కొమ్మలు కనబడకుండా తోళ్లు పైకి జరిపేదాన్ని. తెల్లారకముందే లేచి వేడినీళ్లు మోస్తుండేవాడివి. చచ్చిందని నీకెట్లా చెప్పను?"

"నీకోసమే కదా మోసింది."

"నాకు చెట్టు కావాలని ఎప్పుడన్నాను?"

"వచ్చిన రోజే అన్నావు. ఒక్క చెట్టూ లేదేమన్నావు."

"ఆరోజు నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నాను. పొయ్యి పొగ చిమ్ముతోందన్నాను. రోజుకి నాలుగు మాటలైనా మాట్లాడవేం మనిషీ అన్నాను. అన్నిట్లో నీకు చెట్టొక్కటే వినబడింది."

ఎవారిస్తో నా వైపు చూశాడు. నేను సంచులు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఎర్మిండా లోపలికి పోయి తలుపేసుకుంది.

తెల్లారి నేను బయల్దేరబోతుంటే చేతిలో పారతో బయటికొచ్చింది. "దీన్ని ఇక్కడే ఉంచితే చస్తుంది. నాటారు కాబట్టి బతికించాలి కదా. ఒక చెయ్యి వెయ్యండి."

మన్నుగడ్డ విరగకుండా గోనెలో చుట్టి ముగ్గురం మోశాం. గుర్రపుశాలకు తూర్పున, ఎండిపోయిన వాగు చేసిన పల్లంలో దాన్ని మళ్లీ నాటింది. ఇంటి కిటికీలోంచి అది కనబడదు. వాళ్ల నాన్న ఆపిల్ మొక్కలకు కట్టేవాడట, ఆ పద్ధతిలోనే దడి అల్లడం మొదలుపెట్టింది. పాత కంచె గుంజలు చీల్చి బద్దలు చేసి, ఒక బద్దకీ ఇంకో బద్దకీ మధ్య చెయ్యి పట్టేంత సందు వదిలింది. ఓటిలియా మాట ఆమెకెవరూ చెప్పలేదు. కిటికీ ముందున్న రేకుల గోడను మాత్రం ఎవరమూ విప్పలేదు. పని ఎక్కువై మరిచిపోయాం.

నవంబరులో గొర్రెలు ఈనే కాలం. నేను వెళ్లిన సాయంత్రమే గాలి మొదలైంది. మాకు గాలి కొత్త కాదు, అందుకే దాని గురించి ఎక్కువ చెప్పను. లారీని అడ్డంగా పెడితే పడిపోతుందని ముక్కు గాలివైపు తిప్పి, చక్రాలకు రాళ్లు పెట్టాను. తిరిగి వెళ్లే మాటే లేదు. రెండోరోజు మధ్యాహ్నం ఎవారిస్తో ఒక్కసారిగా లేచి తాడు తీసుకుని బయటికి పోయాడు. దడి కూలిన చప్పుడు విన్నానన్నాడు. ఆ హోరులో ఏం వినబడిందో నాకు తెలియదు. నేనూ వెనకే వెళ్లాను. నిలబడి నడవలేక గుర్రపుశాల గోడ పట్టుకుని పాకాను.

దడిలో ఒక పక్క నిజంగానే లేచిపోయింది. మొక్క ఆ పక్కకీ ఈ పక్కకీ కొట్టుకుంటోంది. అది వంగిన ప్రతిసారీ మొదలు దగ్గర మన్ను నోరులా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎవారిస్తో దాని పాదు మీద బోర్లా పడుకున్నాడు. రెండు చేతులూ మొదలు చుట్టూ వేసి ఒళ్లంతా బరువుగా పెట్టాడు. నేను తాడు కట్టబోయాను. తాడు కొస గాలికి నా మొహాన కొట్టింది.

ఎర్మిండా నడుముకు తాడు చుట్టుకుని వచ్చింది. రెండో కొస శాల గుంజకు కట్టినట్టుంది.

"వదిలేయ్. లోపలికి రా" అని అతని చెవి దగ్గర అరిచింది.

"ఇది పోతే నువ్వు పోతావు."

"నేను పోయేదాన్నయితే దీనికోసం ఆగుతానా? లే."

అతను లేవలేదు. తల అడ్డంగా తిప్పుతూ కళ్లు మూసుకున్నాడు. ఏడుస్తున్నాడో, కళ్లలో మట్టి పడిందో నేను చెప్పలేను. ఆమె అతని కాలర్ పట్టుకుని లాగుతూనే ఉంది. అప్పుడు శాల కప్పు మీదుగా ఒక రేకు ఎగిరొచ్చింది. కిటికీ ముందు గోడకు కట్టిన ఆరింటిలో ఒకటి. పేకముక్కలా తిరుగుతూ వచ్చి, అంచుతో అతని ఎడమకాలి మీద దిగి, మళ్లీ లేచి సముద్రంవైపు పోయింది. ఎవారిస్తో అరవను కూడా అరవలేదు. మోకాలి కింద కాలు వేరే దిక్కుకు తిరిగి ఉంది.

మేమిద్దరం అతన్ని గోనె మీద ఈడ్చుకుంటూ ఇంట్లోకి చేర్చాం. నలభై అడుగుల దూరానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎర్మిండా మళ్లీ బయటికి పాకి, దడిలోంచి నాలుగు బద్దలు పీక్కొచ్చి, దుప్పటి చింపి కాలికి కట్టు కట్టింది. నేను భుజాలు నొక్కి పట్టుకున్నాను. రాత్రంతా జ్వరంలో అతను ఒకే మాట అడిగాడు: "నిలబడే ఉందా?" ఆమె ప్రతిసారీ "ఉంది" అంది. అది నిలబడి ఉందో లేదో ఆమెకేం తెలుసు? ఇంటిమీది కప్పు ఉంటుందో ఊడుతుందో మాకే తెలియదు.

మూడోరోజు పొద్దున గాలి తగ్గింది. అతన్ని లారీ వెనక గొర్రెతోళ్ల మీద పడుకోబెట్టి ఇంజను వేసి చూస్తే ఎర్మిండా లేదు. శాల వెనక్కి పరిగెత్తాను. మొక్క ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. పడమటివైపు ఆకంతా దూసేసినట్టుంది. మొవ్వు విరిగి తలకిందులుగా వేలాడుతోంది. ఆమె మొవ్వు శుభ్రంగా కోసేసి, దాని కిందున్న పక్క కొమ్మను మెల్లగా పైకి వంచి, ఒక పుల్ల ఆసరా పెట్టి దుప్పటి పీలికతో కడుతోంది.

నాకు ఒళ్లు మండింది. "మొగుడు అక్కడ మూలుగుతుంటే నువ్వు మొక్కకు కట్టు కడుతున్నావా?"

"ఆయనే కట్టి రమ్మన్నాడు" అంది తల ఎత్తకుండా. "కట్టకుండా వస్తే దారంతా అడుగుతూనే ఉంటాడు. మీరు కాస్త ఈ కొస పట్టుకోండి."

పట్టుకున్నాను.

ఆస్పత్రిలో తుంటిదాకా కట్టు వేశారు, మూడు నెలలు కదలకూడదన్నారు. గొర్రెల ఎస్టేటు మేనేజరు ఇంకో కాపరిని పంపుతానన్నాడు. అంటే ఇల్లు ఖాళీ చెయ్యాలని అర్థం. ఎర్మిండా అతని ఎదురుగా కూర్చుని, "గొర్రెల్ని నేను చూస్తాను" అంది.

"నీకు గుర్రమెక్కడం వచ్చామ్మా?"

"పడటం వచ్చు. రెండోది నేర్చుకుంటాను."

డిసెంబరులో సరుకులు పట్టుకెళితే ఇంట్లో ఎవారిస్తో ఒక్కడే ఉన్నాడు. మంచం కిటికీ పక్కకి జరిపి ఉంది. జనవరిలో వెళ్లినా అంతే. గడ్డం పెరిగిపోయింది, కళ్లు లోపలికి పోయాయి. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"కూర్చో దోన్ దింకో. ఇప్పుడే పోకు. పొద్దున అయిదింటికి పోతుంది, రాత్రి పది దాటాక వస్తుంది. ఈ కిటికీలోంచి ఏం కనబడుతుందో చూడు."

చూశాను. గడ్డి.

"మధ్యాహ్నం అయ్యేసరికి గాలి ఏదో అడుగుతున్నట్టుంటుంది. నిన్న జవాబు చెప్పాను, పైకే. నా గొంతు విని నేనే భయపడ్డాను. ఇట్లా ఒంటరిగా నాకింకా రెండు నెలలు కూడా కాలేదు. ఆమె..." అని ఆగిపోయాడు. గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

ఎర్మిండా వచ్చేసరికి పది దాటింది. మా వైపు ఎండాకాలం కాబట్టి బయట ఇంకా వెలుగుంది. మొహం మాడిపోయింది, పెదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి, ఒళ్లంతా గొర్రెవాసన. నిలబడే చల్లారిన మాంసం ముక్క నోట్లో పెట్టుకుంది. ఎవారిస్తో వెంటనే మొదలుపెట్టాడు. ఉత్తరపు కంచె ఎట్లా ఉంది, ఎన్ని గొర్రెపిల్లలు పోయాయి, నక్క కనబడిందా, గుర్రం నాడా బిగించిందా, మొక్కకు నీళ్లు పోసిందా, కొత్త కొమ్మ నిటారుగా లేస్తోందా.

"ఈయన్ని మీతో తీసుకుపోండి దోన్ దింకో" అంది నములుతూ. "నోరు మూయడం లేదు. గొర్రెలే నయం."

మార్చిలో కట్టు విప్పారు. ఎడమకాలు పొట్టిదైంది, రోజంతా గుర్రం మీద ఉండలేడు. ఉత్తరం అతనిది, దక్షిణం ఆమెది అని పంచుకున్నారు. మొక్క బతికింది. అందంగా లేదు. పడమటివైపు నున్నగా, తూర్పువైపు గుబురుగా, ఒంటిమీద సగం చొక్కా తొడుక్కున్నవాడిలా ఉంది. పైన రెండు కొమ్మలు మొవ్వు కావాలని పోటీపడ్డాయి, ఒకదాన్ని ఎర్మిండా తుంచేసింది.

అంతా బాగైపోయిందని చెప్పను. మళ్లీ జూలై వచ్చేసరికి ఆమె మాట ఆగిపోయింది. మంచం దిగదు, దువ్వెన ముట్టదు, పొయ్యి మీద కెటిల్ మరుగుతున్నా లేవదు. ఎవారిస్తో రెండు వైపుల గొర్రెల్నీ దేవుడికొదిలేసి ఇంట్లోనే ఉన్నాడు. నేను వెళ్లిన రోజు ఆమె పక్కన పీట వేసుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ మాట్లాడుతున్నాడు. గుంజలు మార్చాలట. శాలలో ఎలుకలట. చిన్నప్పుడు వాళ్ల మేనత్త ఓడెక్కి వాంతి చేసుకుందట. జీవితంలో అతను మాట్లాడినదంతా కలిపినా అంత ఉండదు. ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. నేను టోపీ తీసి గుమ్మంలోనే నిలబడ్డాను. అరగంట గడిచింది, మేనత్త కథ అయిపోయి మామయ్య కథ మొదలైంది.

"చెక్కు మందంగా తీస్తున్నావు" అంది ఎర్మిండా. కళ్లు తెరవలేదు.

ఎవారిస్తో చేతిలో కత్తి ఆగింది. చేతిలో ఉన్న దుంపను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తల వంచుకుని, పలచగా తీయడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు రోజుల తర్వాత అది ఆమె మొదటి మాట అని నన్ను లారీదాకా సాగనంపుతూ చెప్పాడు.